‘అనుభవం ఉన్నవాళ్ళకే’ అన్న కుక్కను ఇంటికి తెచ్చుకున్నాం

షెల్టర్లలో కొన్ని కుక్కల కార్డు మీద పేరు, వయసు, టీకాల వివరాల కింద ఒక ముక్క అదనంగా ఉంటుంది: ‘బెదురు ఎక్కువ, అనుభవం ఉన్నవాళ్ళకే ఇస్తాం’. హైదరాబాద్ శివార్లలోని ఒక షెల్టర్ నుంచి మేము తెచ్చుకున్నది అలాంటి కుక్కనే. దేశీ రకం, ఆడది, 14 కిలోలు. పళ్ళను బట్టి రెండేళ్ళు ఉంటాయని అంచనా. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందనడానికి గుర్తుగా చెవి కొస కత్తిరించి ఉంది. ఇంతకుముందు కుక్కల్ని పెంచినవాళ్ళమని మాకిచ్చారు. నిజానికి ల్యాబ్రడార్‌ను ఏళ్ళ తరబడి పెంచిన అనుభవం ఇక్కడ సగమే పనికొస్తుంది. మనిషి కనబడితే మీదికి ఎగిరే కుక్క దగ్గర నేర్చుకున్న అలవాట్లు, మనిషి కనబడితే మంచం కిందికి దూరే కుక్క దగ్గర బెడిసికొడతాయి. ఇక్కడ అనుభవం అంటే తలుపుల విషయంలో ఏమరుపాటు లేకపోవడం, కుక్క ఒళ్ళు చూసి దాని మనసు చెప్పగలగడం, దగ్గరకు తీసుకోవాలనిపించినప్పుడు ఆగగలగడం. చివరిదే కష్టం.

షెల్టర్లో ‘కరుస్తుందా?’ అని అడిగితే ఉపయోగం లేదు, ‘లేదండీ, పాపం మంచిది’ అనే చెబుతారు. ఇలా అడగాలి: రోజూ అన్నం పెట్టే మనిషి ఎదురుగా ఉండగా తింటుందా, ఆయన వెళ్ళాకే తింటుందా? మూలకు చిక్కితే బిగుసుకుపోతుందా, సందు చూసుకుని పరిగెడుతుందా, పళ్ళు చూపిస్తుందా? టీకా వేసినప్పుడు ఎలా పట్టుకున్నారు? తోటి కుక్కలతో ఎలా ఉంటుంది? అన్నిటికన్నా ముఖ్యం, ఎక్కడ పుట్టి ఎక్కడ పెరిగింది. కుక్కపిల్లకు మూడో వారం నుంచి పన్నెండు, పధ్నాలుగో వారం దాకా ఒక కాలం ఉంటుంది. అప్పుడు చూసినవన్నీ దానికి జీవితాంతం మామూలు సంగతులు. ఆ వారాల్లో మనిషి చెయ్యి తగలని పిల్ల పెద్దయ్యాక ఇంట్లో నలుగురిని నమ్మగలదు గానీ, వచ్చిన చుట్టాలందరి దగ్గరా తోక ఊపే రోజు రాకపోవచ్చు. ఒకప్పుడు ఇంట్లో పెరిగి, రోడ్డున పడి బెదిరినదైతే లెక్క వేరు. ఫ్యాను, సోఫా, మెట్లు దానికి ముందే తెలుసు, త్వరగా తేరుకుంటుంది. మాది మొదటి రకం. ఈ తేడా తెలియకుండా తెచ్చుకుంటే ఆరు నెలలకు నిరాశ తప్పదు.

తెచ్చుకునే ముందు వెళ్ళిన ప్రతిసారీ దానికి పక్కకు తిరిగి నేల మీద కూర్చునేవాళ్ళం. కళ్ళలోకి చూడకుండా, ఉడికించిన చికెన్ లివర్‌ను శనగగింజంత ముక్కలు చేసి దాని వెనకాల పడేలా విసిరేవాళ్ళం. మనం అక్కడుండగా తింటే చాలు, దగ్గరకు రాకపోయినా అది మంచి కబురే. ఇక్కడ చాలామంది మోసపోయేది ఒకటుంది. తల గోడకు ఆనించి, ముట్టుకున్నా కదలకుండా పడుకున్న కుక్కను చూసి ‘ఎంత శాంతంగా ఉందో’ అంటారు. భయం ముదిరి ఒళ్ళు మొద్దుబారితే కుక్క అలాగే ఉంటుంది. కొత్త ఇంట్లో రెండు మూడు వారాలకు ఆ మొద్దు వదలగానే గుర్రుమనడం, తప్పించుకోవడం మొదలవుతాయి. ‘మొదట్లో బాగానే ఉంది, తర్వాత పాడైంది’ అని షెల్టర్‌కు తిరిగి అప్పగించే కుక్కల్లో ఇలాంటివి ఎక్కువ. అది పాడవలేదు. అసలు కుక్క ఇప్పుడే బయటపడింది.

కాగితాల పని తేలిక. ఫారం, గుర్తింపు కార్డు, చిరునామా రుజువు, అద్దె ఇల్లయితే ఓనర్ ఒప్పుకోలు, ఇల్లు చూడటానికి ఒక మనిషి రావడం. టీకాల కార్డు, ఆపరేషన్ వివరాలు అడిగి తీసుకోవాలి. మున్సిపల్ కార్పొరేషన్‌లో పెంపుడు కుక్కగా నమోదు చేయించడానికి రేబిస్ టీకా సర్టిఫికెట్ కావాలి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అడ్డుపడితే జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు చూపించవచ్చు: మెజారిటీ తీర్మానంతో కూడా పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం అసోసియేషన్‌కు లేదు, లిఫ్టు వాడొద్దనే హక్కూ లేదు. వీధి కుక్కను నేరుగా మున్సిపాలిటీ నుంచి దత్తత తీసుకునేవాళ్ళు మరొకటి గుర్తుంచుకోవాలి. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22 ఉత్తర్వు ప్రకారం, అలా తీసుకున్న కుక్క మళ్ళీ వీధిలోకి రాకుండా చూడటం తీసుకున్నవాళ్ళ బాధ్యత. మనకు కుదరకపోతే షెల్టర్‌కే తిరిగి ఇవ్వాలన్న షరతు ఒప్పందంలో ఉందో లేదో చూడండి. లేకపోతే రాయించుకోండి.

అసలు పని ఇంట్లో ఉంది, కుక్క రాకముందే. వంటింటికి దూరంగా, జనం తిరగని ఒక గది ఖాళీ చేశాం. అందులో 36 అంగుళాల వైరు క్రేట్ పెట్టి, పైన, మూడు పక్కలా పాత కాటన్ దుప్పటి కప్పి, దాని తలుపు మూసుకోకుండా తాడుతో వెనక్కి కట్టేశాం. అది బోను కాకూడదు, దూరడానికి ఒక గుహ కావాలి. గుహ లేకపోతే కుక్క మంచం కిందికో బీరువా వెనక్కో పోతుంది, అక్కడి నుంచి బయటికి లాగే ప్రయత్నంలోనే చాలా కాట్లు పడతాయి. మంచం కింద అట్టపెట్టెలతో మూసేయండి. బాల్కనీలో ఉంచడం వద్దే వద్దు. పావురాలకు కట్టే నైలాన్ వలను కుక్క పది నిమిషాల్లో కొరికేయగలదు, బెదిరితే ఎంత ఎత్తు నుంచైనా దూకుతుంది. ఇక సింహద్వారం లోపల నాలుగడుగుల దూరంలో ఇంకో అడ్డు ఉండాలి, చిన్నపిల్లల కోసం అమ్మే గేటు చాలు, అది కూడా దూకలేనంత ఎత్తుది. ఒకటి మూశాకే రెండోది తీయాలి. ఇంట్లో అందరికీ, పనావిడకీ ఇది అలవాటయ్యేదాకా కుక్కను తేకపోవడమే మంచిది.

పట్టీల సంగతి కాస్త విడమరిచి చెప్పాలి. దుకాణాల్లో దొరికే మామూలు హార్నెస్ (ఛాతీ చుట్టూ కట్టే పట్టీల జత), కుక్క వెనక్కి వెనక్కి నడిస్తే తల మీదుగా ఊడిపోతుంది. బెదిరిన కుక్క ముందుకు లాగదు, వెనక్కే లాగుతుంది. అందుకని పక్కటెముకలు దాటాక నడుము సన్నబడే చోట ఇంకో పట్టీ ఉండే, మొత్తం మూడు పట్టీల హార్నెస్ కావాలి. దేశీ కుక్కల తల మెడకన్నా పెద్ద వెడల్పు ఉండదు, మామూలు మెడ బెల్టు ఇట్టే జారిపోతుంది. లాగితే కొంతవరకే బిగుసుకునే మార్టింగేల్ బెల్టు వాడాలి. పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి, మూడు దూరితే వదులైనట్టే. పట్టుకు నడిపించే తాళ్ళు, అంటే లీష్‌లు, రెండు ఉండాలి: ఒకటి హార్నెస్‌కు, ఒకటి మార్టింగేల్‌కు, అందులో ఒకటి మన నడుముకు కట్టుకోవాలి. సాగి చుట్టుకునే ప్లాస్టిక్ పిడి లీష్ అసలు వద్దు. చెయ్యి జారిందంటే ఆ పిడి రోడ్డు మీద టకటకమంటూ కుక్క వెంటపడుతుంది, అది ఇక ఆగదు. మైక్రోచిప్ వేయించినా దాన్ని చదివే యంత్రం అన్నిచోట్లా ఉండదు కాబట్టి, బెల్టుకు రెండు ఫోన్ నంబర్లు చెక్కిన బిళ్ళ తప్పనిసరి.

తెచ్చే రోజు హార్నెస్ షెల్టర్లో దానికి అలవాటైన మనిషి చేతే వేయించాలి. ఆటో వద్దు, కారులో క్రేట్‌లోనే తేవాలి. గేటు మూశాక కారు తలుపు, ఇంటి తలుపు మూశాక క్రేట్ తలుపు తీయాలి, వరస ఇదే. లిఫ్టు ఎక్కించాల్సి వస్తే క్రేట్‌తో సహా ఎక్కించండి. తర్వాతి రోజుల్లో నడిపించుకుంటూ వెళ్ళినా, లీష్ మొత్తం లోపలికి వచ్చిందని చూసుకున్నాకే బటన్ నొక్కాలి.

వచ్చిన రోజు స్నానం చేయించాలని ఇంట్లో పెద్దవాళ్ళు పట్టుబడతారు. షెల్టర్ వాసన నిజంగానే ఉంటుంది. భరించాల్సిందే. ముట్టుకోనివ్వని కుక్కను బాత్రూంలో బంధించి నీళ్ళు పోస్తే, ఆ ఇంట్లో అది నేర్చుకునే మొదటి పాఠం అదే అవుతుంది. చుట్టాల్ని, పక్కింటి పిల్లల్ని పిలవకూడదు. షెల్టర్లో పెట్టిన తిండే, చికెన్ కలిపిన అన్నమైతే అదే, పెట్టి వారం పది రోజుల్లో మెల్లగా మార్చుకోవాలి. పెద్ద కుక్క ఒకటి రెండు రోజులు తినకపోయినా నీళ్ళు తాగుతుంటే కంగారు పడక్కర్లేదు. 48 గంటలు దాటితే డాక్టర్‌కు చెప్పాలి. ఉచ్చ కూడా రోజంతా ఆపుకుంటుంది, తర్వాత గదిలోనే పోస్తుంది. గది మూలలో పాత పేపర్లు పరచి, తుడిచేసి, ఏమీ అనకుండా ఉండాలి. రాత్రి అందరూ పడుకున్నాక అది లేచి ఇల్లంతా తిరుగుతుంది. ఆ అడుగుల చప్పుడు వినబడితే లైటు వేయకండి.

ఇక మచ్చిక చేసుకోవడం. చేత్తో ముక్క చూపించి దగ్గరకు రప్పించడం అందరూ చేసే పని, బెదురు కుక్క విషయంలో అదే ప్రమాదం. దాని వెనక కాళ్ళు ఎక్కడివక్కడే ఉంటాయి, మెడ మాత్రం చాస్తుంది. ఆకలి ముందుకు లాగుతుంటుంది, భయం వెనక్కి. ముక్క నోట్లో పడగానే ఆకలి సంగతి మర్చిపోతుంది, ‘మనిషికి ఇంత దగ్గరున్నానా’ అన్న భయం ఒక్కటే మిగులుతుంది. పరిగెడుతుంది, లేదా చేతిని కొరుకుతుంది. మేము చేసింది దీనికి తలకిందులు. అది మన వైపు ఒక్క అడుగు వేసినా, కనీసం తల తిప్పి చూసినా, ముక్కను దాని వెనక్కి, మనకు దూరంగా విసరాలి. దూరం జరగడం దానికి హాయి, పైగా తిండి. రెండూ ఒకేసారి దొరుకుతాయి. తిన్నాక మళ్ళీ వస్తే, అది తనంత తాను వచ్చినట్టు. ఒక విడతకు పది పన్నెండు ముక్కలు, రెండు మూడు నిమిషాలు, అంతే. ఇంకా తినాలని ఉండగానే మనం లేచి వెళ్ళిపోవాలి. మిగతా సమయంలో గదిలో వీపు దాని వైపు పెట్టి కూర్చుని, మామూలు గొంతుతో పేపరు పైకి చదవడం బాగా పనిచేస్తుంది. దానికి మన గొంతు, వాసన అందుతాయి, మన చూపు భారం ఉండదు.

ముట్టుకునే దశకు వచ్చాక చెయ్యి తల మీదికి వెళ్ళకూడదు. గడ్డం కింద, ఛాతీ పక్కన, మూడు సెకన్లు గోకి ఆపాలి. అప్పుడు అది మళ్ళీ చేతికి ఆనుకుంటే సరే. కదలకుండా ఉండిపోతే వద్దన్నట్టే లెక్క.

కుక్క ‘వద్దు’ అని నోరు తెరవకముందే చాలాసార్లు చెబుతుంది. తిండి లేకపోయినా పెదాలు నాకుతుంది. నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది. తల పక్కకు తిప్పి కంటి తెల్లగుడ్డుతో మనల్ని చూస్తుంది. ముందు కాలు ఒకటి పైకెత్తి ఉంచుతుంది. వీటిని పట్టించుకోకపోతే రెండు సెకన్లు రాయిలా బిగుస్తుంది, ఆ తర్వాతే గుర్రుమంటుంది. గుర్రుమన్నందుకు కసిరితే భయం తగ్గదు, గుర్రుమనడం మాత్రం మానేస్తుంది. తర్వాతెప్పుడో ‘ఏ హెచ్చరికా లేకుండా కరిచింది’ అంటారు. హెచ్చరికను మానిపించింది మనమే. రోజువారీ కొలబద్దగా మేము వాడేది తిండే: మెత్తగా తీసుకుంటే దూరం సరిపోయింది, వేళ్ళు నొక్కేలా లాక్కుంటే అంచున ఉంది, ముఖం తిప్పుకుంటే మనం చాలా దగ్గరకు వచ్చేశాం.

తెలుగు ఇంట్లో బెదురు కుక్కకు పెద్ద శత్రువు ప్రెషర్ కుక్కర్. దాని తర్వాత మిక్సీ, చీపురు, కాలింగ్ బెల్. కుక్కర్ విజిల్‌ను ఫోన్లో రికార్డు చేసి, వినీ వినబడనంత శబ్దంతో మొదలుపెట్టాలి. విజిల్ వినబడాలి, ఒక సెకను ఆగాలి, చికెన్ ముక్క పడాలి. ఈ వరస తారుమారు కాకూడదు. ముందు చికెన్ చూపించి తర్వాత విజిల్ వేస్తే, చికెన్ కనబడగానే ఏదో రాబోతోందని భయపడటం నేర్చుకుంటుంది; చాలామందికి పని చేయకపోవడానికి కారణం ఇదే. శబ్దానికి చెవులు నిక్కించి మన వైపు చూస్తే ఒక గీత పెంచాలి, గదిలోంచి పోతే రెండు గీతలు తగ్గించాలి. ఈ పని సాగినన్నాళ్ళూ అసలు కుక్కర్ పెట్టేటప్పుడు దాన్ని దూరపు గదిలో ఫ్యాను వేసి ఉంచాలి, లేకపోతే ఉదయం నేర్పింది మధ్యాహ్నం పప్పు ఉడికేలోపు పోతుంది. కాలింగ్ బెల్ మేము పీకేశాం. డెలివరీ వాళ్ళకు ‘బెల్ కొట్టకండి, ఫోన్ చేయండి’ అని తలుపు మీద కాగితం అంటించాం. చీపురు నేల మీద పడేసి దాని చుట్టూ ముక్కలు చల్లడం దగ్గర నుంచి మొదలుపెట్టాలి, చేతిలో కదిలే చీపురు చివరి మెట్టు.

పనావిడతో ఒప్పందం ముందే చేసుకోవాలి. వారాలపాటు ఆవిడ ఊడ్చేటప్పుడు కుక్క మూసిన గదిలోనే ఉంది. తర్వాత గేటు అవతల. ‘అక్కా, దాని వైపు చూడకండి, పేరు పెట్టి పిలవకండి. వచ్చేటప్పుడు నాలుగు ముక్కలు అటు పడేసి మీ పని మీరు చేసుకోండి’ అని చెప్పాం. కుక్కల్ని బతిమాలే అలవాటు లేనివాళ్ళు ఈ పనిని ప్రేమికులకన్నా బాగా చేస్తారు. ‘మా ఇంట్లో అన్ని కుక్కలూ నా దగ్గరకొస్తాయి’ అంటూ చేతులు చాచి వంగే అంకుల్స్‌తోనే చిక్కు. అపార్ట్‌మెంట్ పిల్లల సంగతీ అంతే: వాళ్ళకు చెలగాటం, దానికి ప్రాణసంకటం. లిఫ్టులో ఎవరైనా ఉంటే మేము తర్వాతి లిఫ్టుకు ఆగుతాం.

భయం అనుకున్నది జబ్బు కావచ్చు. షెల్టర్ నుంచి వచ్చిన కుక్క మందకొడిగా, తినకుండా ఉంటే పిడుదుల జ్వరం ఉందేమో రక్త పరీక్షతో చూడాలి; ఈ జ్వరాల్లో ఒకటైన ఎర్లిచియాలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోతాయి. దానికి సాధారణంగా డాక్సీసైక్లిన్ 28 రోజులు రాస్తారు. ఆ మాత్ర ఒట్టిగా మింగిస్తే అన్నవాహికలో అంటుకుని పుండు చేస్తుంది, తిండితో ఇచ్చి పైన నీళ్ళు పట్టించాలి. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపకూడదు. ముట్టుకోనివ్వని కుక్కకు పిడుదుల నివారణ కోసం ఒంటికి రాసే మందులకన్నా 12 వారాలు పనిచేసే ఫ్లూరలానర్ మాత్ర నయం, అయితే మూర్ఛలు వచ్చిన చరిత్ర ఉంటే డాక్టర్‌కు ముందే చెప్పాలి. పంటి నొప్పి, తుంటి నొప్పి ఉన్న కుక్క కూడా చెయ్యి పడగానే తిరగబడుతుంది.

డాక్టర్ దగ్గరకు వెళ్ళడానికి మూతికి బుట్ట అలవాటు చేయాలి. గుడ్డతో మూతి బిగించే రకం వద్దు, రొప్పడానికి, తినడానికి వీలుండే బుట్ట రకం కావాలి. లోపల పెరుగు రాసి నేల మీద పెడితే మూతి అదే పెడుతుంది. కొన్నాళ్ళు బకిల్ పెట్టకుండా అలాగే సాగించాలి. భయం రోజంతా తగ్గకపోతే డాక్టర్ ఫ్లూయాక్సిటిన్ లాంటివి రాస్తారు. దాని ఫలితం కనబడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, పదో రోజు పనిచేయలేదని ఆపేస్తే మొదటికొస్తుంది. ఒక్కరోజు అవసరానికి గబాపెంటిన్, ట్రాజోడోన్ వాడతారు. ఏసిప్రోమజిన్ అనే మత్తుమందు ఒక్కటే ఇస్తే ఒళ్ళు కదలదు గానీ భయం అలాగే ఉంటుంది, దాని గురించి డాక్టర్‌ను అడగండి.

ఇంట్లో వాళ్ళందరం ముందు జాగ్రత్తగా రేబిస్ టీకా వేయించుకున్నాం: 0, 7, తర్వాత 21 లేదా 28వ రోజు. అయినా పన్ను గీరుకుంటే సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. కుక్కకు టీకా ఉంది కదా అని ఆగకూడదు.

బయట నడక మొదటి వారాల్లో అక్కర్లేదు. మొదలుపెట్టాక తెల్లవారుజామున, పాలవాళ్ళు రాకముందు, ఒకే వీధిలో అటూ ఇటూ నడిపించాం. కొత్త కుక్క వాసనకు వీధి కుక్కల గుంపు వస్తుంది. మన కుక్కను వెనక ఉంచుకుని, గుంపు వైపు గుప్పెడు బిస్కెట్లు చల్లి, వచ్చిన దారిన తిరిగి వెళ్ళిపోవాలి.

ఇన్ని జాగ్రత్తల తర్వాతా తప్పించుకుంటే, వెంటపడకూడదు, పేరు పెట్టి అరవకూడదు. బెదిరిన కుక్కకు పిలిచే గొంతు కూడా తరుముతున్నట్టే అనిపిస్తుంది. పోస్టరు మీద ‘కనబడితే పట్టుకోకండి, తరమకండి, ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని పెద్ద అక్షరాల్లో వేయాలి. తరిమేవాళ్ళు లేకపోతే అది చాలావరకు దగ్గర్లోనే కారు కిందో, కట్టడం ఆగిన ఇంట్లోనో నక్కుతుంది. పోయిన చోట దాని దుప్పటి, వాసన వచ్చే తిండి పెట్టి, జనం సద్దుమణిగాక ఒక్కరే వెళ్ళి పక్కకు తిరిగి కూర్చోవాలి. అప్పటికీ రాకపోతే షెల్టర్ వాళ్ళ దగ్గర ఉండే ట్రాప్ పంజరం అడిగి తెచ్చి, అది తింటున్న చోటే పెట్టాలి.

దీపావళి, నిమజ్జనం డీజే, పెళ్ళి బారాత్ రోజుల్లో చీకటి పడకముందే బయటి పని ముగించి, కిటికీలు మూసిన లోపలి గదిలో కూలర్ చప్పుడు పెట్టి ఉంచుతాం. మందు అవసరమైతే పండగ రోజున మొదటిసారి వేయకుండా, ముందే ఒక మామూలు రోజున వేసి చూడాలి. భయపడుతున్నప్పుడు ఒళ్ళోకి వస్తే దగ్గరకు తీసుకోవచ్చు. ఓదారిస్తే భయం అలవాటవుతుందన్న మాటలో నిజం లేదు.

సంక్రాంతికి ఊరెళ్ళడం ఒక్కటే ఇంకా కష్టమైన లెక్క. ఇలాంటి కుక్కను బోర్డింగ్‌లో వదిలితే నెలల పని పోతుంది, రైల్లోనో బస్సులోనో తీసుకెళ్ళడం అంతకన్నా ప్రమాదం. అందుకని దసరా అయినప్పటి నుంచే ఒక్క మనిషిని అలవాటు చేస్తున్నాం. మా పిన్ని కొడుకు ఆదివారాలు వచ్చి, గది గుమ్మంలో కూర్చుని, ఫోన్ చూసుకుంటూ ముక్కలు విసిరి వెళ్తాడు. గిన్నె వాడు పెట్టినా తింటోంది గానీ హార్నెస్ ఇంకా వేయించుకోవడం లేదు. అది జరగకపోతే ఈసారి కూడా ఊరికి సగం మందే వెళ్తాం.